ఆగస్టు మంచు

విమానం కూలిపోయింది. కూలిన విమానంలో అందరూ కూలికే కూర్చున్నారు.

ఉత్తర హాలీవుడ్‌లో, ఒకప్పుడు పరుపులు నిలవచేసిన గోదాములో, రెక్కలూ తోకా లేని విమానపు నడుము ఒకటి చెక్క దిమ్మల మీద పడి ఉంది. దాని చుట్టూ కొండలున్నాయి, గుడ్డ మీద గీసినవి. కొండల మీద మంచుంది, ప్లాస్టిక్‌ది. బయట ఆగస్టు నెల ఎండ కాస్తోంది. అసలు సరుకు అదొక్కటే.

అక్కడ తయారవుతున్నది ‘మంచు పంజాలో 606’ అనే టీవీ సినిమా. విమానం మంచుకొండల్లో చిక్కుకుపోతుంది. లోపల ఒక తాగుబోతు పైలట్, నెలలు నిండిన గర్భిణి, దేవుడి మీద నమ్మకం పోయిన ఫాదరు, వజ్రాల దొంగ. బయట తోడేళ్ళు. తోడేళ్ళంటే రెండు పెంపుడు కుక్కలే. ముఖం ఎంత క్రూరంగా పెట్టినా వెనక తోక మాత్రం స్నేహంగా ఊపేసేవి. అందుకని తోకలేని విమానం పక్కన తోకలేని తోడేళ్ళనే చూపించాలని తీర్మానించారు. ఇక పైలట్ వేషం వేసినాయనకు విమానమంటే ప్రాణభయం. షికాగో నుంచి బస్సులో వచ్చాడు.

వెర్నా కోవాల్‌స్కీ మేకప్ మనిషి. బతికున్నవాళ్ళను చచ్చినవాళ్ళలా, చచ్చినట్టున్న హీరోయిన్లను బతికున్నవాళ్ళలా చూపించడం ఇరవై ఏళ్ళుగా ఆమె వృత్తి. ఈ సినిమాలో మొదటి రకం పనే ఎక్కువ. ప్రయాణికులు చలికి కొంచెం కొంచెంగా గడ్డకట్టుకుపోవాలి. కథలో ఒక రోజు గడిచిందంటే పెదాలు పగలాలి, మరో రోజుకు నీలమెక్కాలి, ఆ తర్వాత కనుబొమ్మల మీద మైనమూ ఉప్పూ కలిపి అతికించిన మంచు మెరవాలి.

చిక్కల్లా చెమటతో వచ్చేది. గోదాములో చల్లగాలి యంత్రం ఉంది గానీ, అది గొంతు పోయిన గాయకుడిలా ఒకటే గోల. దాని గోల మాటల్లో కలవకూడదు కాబట్టి షాట్ తీసినంతసేపూ ఆపేసేవారు. ఫ్యాను పెడితే మంచు లేచి పైలట్ నోట్లోకి పోయేది. గంట మోగి, ఎర్ర లైటు వెలిగిందంటే చాలు, ఉన్ని కోట్లూ బొచ్చు టోపీలూ కంబళ్ళూ కప్పుకున్న మనుషులు దీపాల కింద ఉడికేవారు. వెర్నా పొద్దున్నుంచీ అతికించిన శీతాకాలమంతా గడ్డాల మీదుగా కారి కాలర్లలో పడేది. “కట్” అన్న మాట వినబడగానే ఆమె పౌడరు పఫ్ పట్టుకుని పరుగు తీసేది. చలికాలాన్ని చేత్తో నిలబెట్టడమే ఆమె పని.

ఆమె కుర్చీలో రోజూ మొదట కూర్చునేది ఎమ్మెట్ డ్రిస్కల్. డెబ్బైకి దగ్గర పడ్డవాడు. ఒకప్పుడు గుర్రాల సినిమాల్లో షెరీఫ్. కుర్రతనమూ గుర్రమూ రెండూ దౌడు తీసేశాక టీవీలో చేరాడు. టీవీలో అతనికి ఒకటే పని దొరికింది: చావడం. ప్రకటనలు వచ్చే ముందు ఎవరో ఒకరు పోతే జనం కుర్చీలు వదలకుండా కూర్చుంటారని ఆ రంగంలో అందరి నమ్మకం. అలా ఎమ్మెట్ సబ్బు ప్రకటనకు ముందు భూకంపంలో పోయాడు. టూత్‌పేస్టుకు ముందు వరదలో పోయాడు. ఒకసారి లిఫ్టులో ఇరుక్కుని కాఫీ పొడికి ముందు పోయాడు. చవగ్గా చచ్చేవాడు, చప్పుడు లేకుండా చచ్చేవాడు.

“ఏం పిల్లా, ఇవాళ ఎంతవరకూ చంపుతావు?” అనేవాడు కుర్చీలో వాలుతూ.

“సగమే షెరీఫ్‌గారూ. మిగతా సగం మధ్యాహ్నం భోజనం చూసుకుంటుంది.”

“ఆ మాంసం రొట్టె మొన్న నావైపు చూసి కన్ను కొట్టింది.”

“అది మాంసం కాదండీ, మన పైలట్‌గారి నటన. మిగిలిపోతే ముక్కలు కోసి వడ్డిస్తున్నారు.”

కానీ ఈ సినిమాలో ఎమ్మెట్ చావడం లేదు. అందుకే అతని కళ్ళలో ఆ వెలుగు. అదీ ఒక తమాషాగా జరిగింది.

ఏ సినిమానైనా చివర్నుంచి మొదలుపెట్టడం ఆ ఊరివాళ్ళ అలవాటు. దొరికినప్పుడు దొరికింది తీసేయాలి. హెలికాప్టర్ మొదటి రోజే దొరికింది, ఆ ఒక్క రోజుకే దొరికింది. అందుకని ఎడారిలో ఎండిపోయిన ఉప్పు చెరువు మీద, దూరం నుంచి చూస్తే అచ్చం మంచు మైదానంలా ఉన్నచోట, రక్షించే సీను ముందే తీసేశారు. బతికి బయటపడ్డవాళ్ళ వరసలో ఒక మనిషి తక్కువయ్యాడు. ఆ రోజు రావాల్సినవాడు రాలేదు.

దర్శకుడు గస్ ఫెరాంటే అటూ ఇటూ చూసి, నీడలో కాఫీ తాగుతున్న ఎమ్మెట్‌ను పట్టుకున్నాడు. “పెద్దాయనా, నువ్వు రెండో భాగంలోనే పోతావు గానీ, ఇప్పుడు కాసేపు బతికి పెట్టు. కంబళి కప్పుకుని తల వంచుకుని ఎక్కెయ్. నీ మొహం ఎవడికీ కనబడదు.”

ఎమ్మెట్ అందరితోబాటు నడిచాడు. హెలికాప్టర్ మెట్టు మీద కాలు పెట్టాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, కంబళి భుజాల మీంచి జారనిచ్చి, బొచ్చు టోపీ తీసి తల మీదుగా పెద్ద సున్నా చుట్టినట్టు ఊపాడు. షెరీఫ్‌గా ప్రతి సినిమా చివరా గుర్రం మీద కూర్చుని ఊపినట్టే ఊపాడు.

“ఆ ముసలాణ్ణి ఊపమన్నదెవడ్రా!” అని గస్ మైకులో అరిచేలోపు హెలికాప్టర్ లేచిపోయింది. రెండోసారి తీయడానికి వెలుతురు లేదు. చివర్లో బతికున్నవాణ్ణి మధ్యలో చంపడం కుదరదు కాబట్టి, రచయిత తిట్టుకుంటూ గులాబి రంగు కాగితాల మీద అతనికి ప్రాణం పోశాడు. మార్పులన్నీ రంగు కాగితాల మీదే వచ్చేవి. పొద్దున్నే మీ పేరున్న రంగు కాగితం వచ్చిందంటే మీకు ప్రాణమైనా వచ్చి ఉండాలి, పోయైనా ఉండాలి.

“ఐడా చూస్తుంది పిల్లా,” అన్నాడు ఎమ్మెట్ ఆ రోజు మేకప్ తుడిపించుకుంటూ.

ఐడా అతని భార్య. రెండేళ్ళుగా వృద్ధులను చూసుకునే ఒక ఆశ్రమంలో ఉంటోంది. మతి నిలవదు. నిన్నటిది ఇవాళ ఉండదు, ఇవాళ్టిది మధ్యాహ్నానికి ఉండదు. కానీ టీవీలో కనబడింది మాత్రం మనసులో గుచ్చుకుపోతుంది.

“పోయిన చలికాలం ఆ లిఫ్టు సినిమా వచ్చింది. నేను పక్కనే కూర్చుని పీచ్ పండు ముక్కలు తినిపిస్తున్నాను. తెర మీద నేను పోయాను. అంతే, ఏడుపు. నా చెయ్యే పట్టుకుని నాకే చెబుతోంది, ‘బాబూ, మా ఆయన పోయాడు, నువ్వెవరో గానీ మంచివాడివి, నీకు పెళ్ళయిందా?’ అని.” ఎమ్మెట్ అద్దంలోకి చూస్తూ నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. “నా చావుకు నేనే పరామర్శ చెప్పాను. ఆర్నెల్లుగా రోజూ పొద్దున్నే అదే అడుగుతోంది. మా ఆయన్ని ఎక్కడ పాతిపెట్టారు అని.”

వెర్నా స్పాంజి పిండి, అతని చెవి వెనక మిగిలిన తెలుపు తుడిచింది.

“ఒక్కసారి బతికి చూపిస్తే చాలు. చివరిదాకా ఉండి టోపీ ఊపితే చాలు. అది గుచ్చుకుంటే ఇది పోతుంది. ఆ రోజు నాకేదైనా పని పడితే నువ్వెళ్ళి కూర్చుంటావా? డబ్బా పీచ్ ముక్కలు తీసుకెళ్ళు, చక్కెర పాకంలోవి. వేరేవి ముట్టదు.”

“కూర్చుంటాను. నన్ను కూడా పెళ్ళయిందా అని అడిగితే మాత్రం లేచి వచ్చేస్తాను.”

అదీ ఎమ్మెట్ కోరుకున్నది. వేషం పెద్దదవ్వాలనీ లేదు, పేరు ముందు పడాలనీ లేదు. బతకాలి, అంతే.

ఆ బతుక్కి అడ్డం పడింది అసిస్టెంట్ డైరెక్టర్ మిల్ట్. మిల్ట్ చేతిలో ఎప్పుడూ గడియారం ఉండేది, గుండెల్లోనూ అదే కొట్టుకునేదని అందరి అనుమానం. విమానం సంగతి ఏమో గానీ అక్కడ అనుమానాలకు మాత్రం రెక్కలుండేవి. ఒక బుధవారం ఎమ్మెట్ కోటు విప్పి గట్టు మీద కూర్చుంటే మిల్ట్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఒంట్లో బాలేదా పెద్దాయనా?”

“బానే ఉంది నాయనా. కోటుకే కాస్త ఊపిరాడ్డం లేదట.”

“బాలేకపోతే చెప్పు. రేపు పొద్దున్నే పచ్చ కాగితం దింపేస్తాను. నిద్రలో పోతావు, హాయిగా. హెలికాప్టర్ దగ్గర నీ ముక్క కత్తిరించేస్తే సరి. గస్ కూడా ఏమనడు.”

జోకులాగే అన్నాడు. జోకులాగే ఎమ్మెట్ నవ్వాడు. కానీ వెంటనే లేచి కోటు తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం వెర్నా మేకప్ బండి వెనకాల చెత్త డబ్బా దగ్గర అతను వంగి వాంతి చేసుకుంటుంటే ఆమె చూసింది. నీళ్ళిచ్చింది. సెట్టు నర్సును పిలుస్తానంది. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“వద్దు పిల్లా. నర్సు రెండు ఉప్పు బిళ్ళలిచ్చి మిల్ట్‌కి చెబుతుంది. మిల్ట్ కాగితం రంగు మారుస్తాడు. ఇంకో రెండ్రోజులేగా. నేను చావను, చూడు.”

“ఒట్టా?”

“షెరీఫ్ మాట.”

ఆమె చెప్పలేదు. మర్నాడు పొద్దున అతని బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎండకు కమిలాయి అనుకుని తెల్లటి పూత రెండు చేతులు ఎక్కువ వేసింది. పెదాలకు నీలం, కళ్ళ కింద బూడిద రంగు, కనుబొమ్మల మీద మంచు. రోగం ఏ రంగులో వచ్చినా దాక్కోడానికి సరిపడా రంగులు తన చేత్తోనే వేసింది.

ఆ రోజు గోదాము పొయ్యిలా ఉంది. కుక్కల సీను మొదలుపెట్టగానే జంతువుల సంఘం తరఫున వచ్చి కూర్చునే మనిషి లేచి, గోడకున్న ఉష్ణమాపకం చూసి, చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఈ వేడిలో కుక్కల్ని పనిచేయించకూడదు. బయటికి పంపండి.”

“అయ్యా, ఒక్క షాటే,” అన్నాడు గస్.

“ఒక్క కుక్క పోయినా సినిమా ఆపించేస్తాను.”

తోడేళ్ళు రెండూ నాలుకలు వేలాడేసుకుని, చల్లగాలి పెట్టిన బండిలోకి వెళ్ళిపోయాయి. వెళ్ళేముందు ఒకటి వచ్చి ఎమ్మెట్ చెయ్యి నాకింది. “పో, తల్లీ,” అన్నాడు అతను. “ఈసారి పుడితే నీ సంఘంలో పుడతాను.” అందరూ నవ్వారు. వెర్నా కూడా నవ్వింది. మనుషుల సీను ముందుకు జరిపారు.

ఆ సీనులో ఎమ్మెట్ రిటైరైన రైలు డ్రైవరు. తన కంబళి తీసి గర్భిణికి కప్పి, ‘నాకు చలిగా లేదమ్మా, నువ్వు కప్పుకో’ అని కూర్చోవాలి. అంతే పని. గంట మోగింది, ఎర్ర లైటు వెలిగింది, చల్లగాలి యంత్రం మూలిగి ఆగింది. ఒకసారి తీశారు. గర్భిణి కట్టుకున్న దిండు కడుపు జారింది. మళ్ళీ తీశారు. ఫాదరు మాట మరిచాడు. మళ్ళీ.

మధ్యలో వెర్నా పఫ్ పట్టుకుని వరస మీద పడింది. పైలట్ ముఖం తడిసిన వాల్‌పోస్టర్‌లా ఉంది. గర్భిణి గడ్డం నుంచి శీతాకాలం బొట్లుబొట్లుగా కారుతోంది. ఫాదరు కనుబొమ్మ ఒకటి చెంప మీద ఉంది. అందర్నీ అద్ది, అతికించి, తిట్టుకుంటూ చివర్న ఎమ్మెట్ దగ్గరికి వచ్చింది.

ఎమ్మెట్ ముఖం మీద ఒక్క చుక్క చెమట లేదు.

పూత పూసినట్టే ఉంది. మంచు అతికినచోటే అతికి ఉంది. నుదురు ఎండిన సుద్దలా పొడిగా ఉంది. ఇరవై ఏళ్ళలో ఇంత బాగా నిలిచిన మేకప్ వెర్నా చూడలేదు. ఆమె ప్రాణం లేచి వచ్చింది.

“అబ్బ, షెరీఫ్‌గారూ, మీరొక్కరే నా పరువు నిలబెట్టారు! ఏం తిని వచ్చారో గానీ రోజూ అదే తినండి.”

అతను ఆమెను చూశాడు. చూపు కొంచెం పక్కకు పడింది. “ఐడా, ఆ కిటికీ తెరువు,” అన్నాడు.

“డైలాగు మార్చారా? మిల్ట్ వింటే ఇప్పుడే పచ్చ కాగితం తెస్తాడు,” అని నవ్వి, అతని బుగ్గ మీద పఫ్‌తో ఉత్తుత్తిగా ఒకటి తట్టి, తడిసిన పైలట్ దగ్గరికి పరిగెత్తింది. పఫ్ మెత్తగా ఉంటుంది. వేడి చేతికి తెలియదు.

గంట. ఎర్ర లైటు.

ఎమ్మెట్ కంబళి తీశాడు. గర్భిణి భుజాల మీద కప్పాడు. “నాకు చలిగా లేదమ్మా,” అన్నాడు. అక్కడితో మాట ఆగింది. కూర్చోవాల్సినవాడు కూర్చోలేదు. నిలబడి, కిటికీ అవతలున్న గుడ్డ కొండల వైపు ఎంతో దూరం చూసినట్టు చూశాడు. పెదాలు కదిలాయి. చెయ్యి టోపీ దాకా వెళ్ళి, టోపీని పట్టుకోలేక జారిపోయింది. మోకాళ్ళు ముందు మడిచి, తర్వాత నడుము మడిచి, చాలా మెల్లగా, ఎవరికీ అడ్డం రాకూడదన్నట్టు సీట్ల మధ్య ఒరిగిపోయాడు.

దర్శకుడు “కట్” అనేదాకా ఎవరూ ఆగకూడదన్నది వాళ్ళకు ఉగ్గుపాలతో పట్టించిన చదువు. ఎవరూ ఆగలేదు. గస్ గొంతెత్తకుండా వేలితో సైగ చేశాడు, కెమెరా ముందుకు జరిగింది. గర్భిణి అతని తల ఒళ్ళోకి తీసుకుని నిజంగానే ఏడ్చింది. ఇన్నాళ్ళకు ఆమెకు కన్నీళ్ళు వచ్చాయి. ఫాదరు తనకు లేని మాట కల్పించుకుని ప్రార్థన చదివాడు. దీపాల కింద ఎమ్మెట్ ముఖం తెల్లగా, పొడిగా, మంచుతో మెరుస్తూ ఉంది. కెమెరా దాని మీదే నిలిచిపోయింది.

“కట్!” అన్నాడు గస్. “అబ్బా... ఏం చచ్చాడ్రా!”

గోదామంతా చప్పట్లు. “చావు సీనులో జీవించేశాడు ముసలాడు!” అని లైట్ల మీదినుంచి ఎవరో అరిచారు. వెర్నా కూడా చప్పట్లు కొట్టింది. చేతిలో పఫ్ ఉండటంతో చప్పుడు రాలేదు, తెల్లటి పొడి మాత్రం లేచింది.

“లే పెద్దాయనా, నీకో ముద్దు బాకీ,” అన్నాడు గస్.

ఎమ్మెట్ లేవలేదు. ఇంకా వేషంలోనే ఉన్నాడనుకున్నారు. వెర్నా సీట్ల మధ్య వంగి, నవ్వుతూనే, ఈసారి ఒట్టి చెయ్యి అతని బుగ్గ మీద వేసింది. చెయ్యి వెనక్కి తీసేసుకుంది. పెనం.

సైరన్లు మోగించుకుంటూ బండి వచ్చింది. మంచు తొక్కుకుంటూ మనుషులొచ్చారు. వాళ్ళు అతని కోటు కత్తిరిస్తుంటే, నీలం పెదాలు చూసి ఆక్సిజన్ గొట్టం పెట్టబోతే, వెర్నా పక్కనుంచి “అది నేను వేసిన రంగు, అది రంగు, తుడవండి, కింద చూడండి,” అని అరుస్తూనే ఉంది. ఏది రోగమో ఏది రంగో వాళ్ళకు తేలడానికి కాస్త సమయం పట్టింది. ఉన్నదే కాస్త సమయం.

సాయంత్రానికి ఎమ్మెట్ ఇక లేడని ఆస్పత్రినుంచి కబురొచ్చింది. వడదెబ్బ. ఒంట్లో నీళ్ళు అడుగంటాక చెమట పట్టడం ఆగిపోతుందనీ, ఒళ్ళు కాలిపోతున్నా చర్మం పొడిగా ఉండటమే చివరి గుర్తనీ డాక్టరు చెప్పాడట. నర్సు ఆ మాట గోదాములో అందరికీ చెప్పింది. వెర్నా బ్రష్షులు కడుగుతూ విన్నది. కడిగిన బ్రష్షే మళ్ళీ మళ్ళీ కడిగింది.

బీమా తరఫున ఒకతను వచ్చి ఒక్కొక్కరినీ అడిగాడు. “ఆరోజు ఆయనలో ఏమైనా తేడా గమనించారా అమ్మా?”

“మేకప్ బాగా నిలిచింది,” అంది వెర్నా.

అతను తల ఊపి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. అతనికి ఆ జవాబులో ఏమీ కనబడలేదు. నిజం చెప్పిన నేరస్థురాలిని వదిలేసి పోయాడని కూడా అతనికి తెలియదు.

తర్వాతి వారం ఆమె గస్‌ను వెతుక్కుంటూ ఎడిటింగ్ గదికి వెళ్ళింది. చీకటి గదిలో చిన్న తెర మీద ఎమ్మెట్ ఒరుగుతున్నాడు, లేస్తున్నాడు, ఒరుగుతున్నాడు. రీలు ముందుకూ వెనక్కూ పోతోంది.

“ఇది వాడొద్దు గస్.”

“కూర్చో వెర్నా.”

“కూర్చోను. ఆయన్ని బతికించు. ఎవరికైనా ఆయన మేకప్ వేసిస్తాను, వెనకనుంచి తీసుకో. నా చేతిలో పని, తల్లి కూడా తేడా పట్టలేదు. ఆయన అడిగింది ఒకటే, చివరిదాకా ఉండాలని.”

గస్ కళ్ళు నలుపుకున్నాడు. అతనూ రాత్రుళ్ళు నిద్రపోయినట్టు లేడు. “ఆయనకింకా మూడు సీన్లున్నాయి, మాటలున్నాయి. వెనకనుంచి మాటలెలా తీస్తాను? మనిషి లేడు. లేని మనిషిని చంపక ఏం చెయ్యను?”

“చంపాం కదా. ఇంకా ఎన్నిసార్లు?”

అతను రీలు ఆపాడు. ఎమ్మెట్ సగం ఒరిగి ఆగాడు. “చూడు. నలభై సినిమాలు తీశాను. అన్నీ చెత్త. ఈ చెత్తలో నిజమైనది ఇదొక్కటే. దీన్ని పారెయ్యమంటావా?”

“నిజమే కాబట్టి పారెయ్యమంటున్నా.”

“మూడో ప్రకటనకు ముందు పెట్టాను,” అన్నాడు గస్, ఆమె వైపు చూడకుండా. “హెలికాప్టర్ దగ్గర ఆయన ముక్క కత్తిరించేస్తాను. బయటికెళ్తూ తలుపు దగ్గరగా వెయ్యి.”

నవంబరులో సినిమా వచ్చింది. ఆ రోజు సాయంత్రం భోజనాలయ్యాక వెర్నా పీచ్ ముక్కల డబ్బా పట్టుకుని ఆశ్రమానికి వెళ్ళింది. మాటిచ్చింది కాబట్టి వెళ్ళింది. ఎమ్మెట్ పోయాడని ఐడాకు చెప్పారు, చెప్పిన ప్రతిసారీ కొత్తగా ఏడ్చిందట, అందుకని చెప్పడం మానేశారు. మూడో ప్రకటనకు ముందు టీవీ కట్టేయాలని వెర్నా దారిపొడుగునా అనుకుంటూ వచ్చింది. చెయ్యగలిగింది ఇక అంతే.

ఐడా చిన్న మనిషి. శుభ్రంగా దువ్విన తెల్ల జుట్టు. “నువ్వెవరమ్మాయ్?”

“ఎమ్మెట్‌గారి స్నేహితురాలినమ్మా. మేకప్ వేస్తాను.”

“మొగుడికి స్నేహితురాలా? మేకప్ కూడా వేస్తుందట!” అని కిసుక్కున నవ్వింది. “కూర్చో. ఆయనలాగే నీకూ అబద్ధం చెప్పడం రాదు.”

టీవీలో విమానం కూలింది. పైలట్ తాగాడు. తోడేళ్ళు వచ్చాయి, అంత జాగ్రత్త పడ్డా ఒక తోక ఊగనే ఊగింది. ఐడా పీచ్ ముక్కలు ఒక్కొక్కటే నములుతూ చూసింది. ఎమ్మెట్ కనబడ్డప్పుడల్లా చెంచా ఎత్తి చూపించింది. “మా ఆయన.”

కంబళి సీను మొదలైంది. వెర్నా లేచి వెళ్ళి టీవీ మీట మీద చెయ్యి పెట్టింది. అప్పుడే ఆ ముఖం తెర నిండా వచ్చింది. ఆమె చెయ్యి కదల్లేదు. కనబడుతుందా లేదా, చూసేవాడికి తెలుస్తుందా లేదా, ఒక్కసారి చూసి కట్టేద్దామనుకుంది. తెలుస్తోంది. చుట్టూ ఉన్న ముఖాలన్నీ తడిగా మెరుస్తున్నాయి. ఆ ఒక్క నుదురే సుద్దలా పొడిగా ఉంది. పని ఎంత బాగుందో. గీతకు గీత, మంచుకు మంచు. చూస్తూ నిలబడిపోయింది. ఎమ్మెట్ ఒరిగిపోయాడు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన భోజనాల ప్రకటన వచ్చింది.

“పోయాడా?” అంది ఐడా వెనకనుంచి.

వెర్నా తిరిగింది. ఈ మనిషికి చెప్పాల్సిన అబద్ధం నోటి దాకా వచ్చింది. నోరు ఒప్పుకోలేదు.

“పోయాడమ్మా.”

ఐడా చెంచా గిన్నెలో పెట్టేసింది. పెద్దగా ఏడవలేదు. కళ్ళు మాత్రం నిండి, నిండి, ఒలికాయి. వెర్నా మీట తిప్పబోతే, “ఉండనీ,” అంది. “ఇంకా ఉందిగా. మిగతావాళ్ళకు ఏమైందో చూడనీ. పాపం, ఆ పిల్లకు నెలలు నిండాయి.”

చెయ్యి చెయ్యి పట్టుకుని చూశారు. బిడ్డ పుట్టింది. ఫాదరుకు దేవుడు దొరికాడు. వజ్రాలు లోయలో పడ్డాయి. తెల్లటి మైదానం మీద హెలికాప్టర్ దిగింది. కంబళ్ళు కప్పుకున్న మనుషులు వరసగా నడిచారు. చివరి మనిషి మెట్టు మీద కాలు పెట్టాడు.

గస్ కత్తిరిస్తానన్న ముక్క అది. కత్తిరించాడు కూడా. కానీ ఎమ్మెట్ చెయ్యని మూడు సీన్ల మేరకు సినిమా పొట్టిదైపోయింది. టీవీ సినిమా ఇచ్చిన సమయానికి సరిగ్గా సరిపోవాలి, లేకపోతే తీసుకోరు. గదిలో నేల మీద పడ్డ ముక్కలన్నీ ఏరి, ఎవరో అతికించేశారు. మధ్యలో చచ్చినవాడు చివర్లో ఎలా వచ్చాడని మర్నాడు దేశమంతా నవ్వుకుంది. ఇదంతా వెర్నాకు తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆమెకు తెలిసింది ఒక్కటే. తెర మీద ఎమ్మెట్ వెనక్కి తిరిగాడు. కంబళి జారనిచ్చాడు. టోపీ తీసి, తల మీదుగా పెద్ద సున్నా చుట్టినట్టు ఊపాడు.

ఐడా చెయ్యి విదిలించుకుని లేచి నిలబడింది.

“అదిగో! అదిగో మా ఆయన! అది ఆయన ఊపుడే!” వెర్నా భుజం మీద ఒకటి చరిచింది. “పోయాడంటావా? పోయాడంటావేం, అబద్ధాలకోరా! చూడు, ఎలా ఊపుతున్నాడో!”

హెలికాప్టర్ లేచింది. పేర్లు పడ్డాయి. వెర్నా కుర్చీ చేతిని పట్టుకుని కూర్చుంది.

“ఎంతసేపట్లో వస్తాడు?” ఐడా అప్పుడే కిటికీ దగ్గరికి వెళ్ళి పరదా జరిపింది.

“వస్తారమ్మా,” అంది వెర్నా. “హెలికాప్టర్ దిగాలి కదా.”

“అవును, దిగాలి.” ఐడా వెనక్కి వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది. మిగిలిన ముక్కల్ని చెంచాతో ఒక పక్కకు జరిపింది. “ఇవి ఆయనకు. మూత పెట్టి ఉంచు.”

వెర్నా లేచి, సాసరు వెతికి తెచ్చి, గిన్నె మీద మూత పెట్టింది.